పోర్ట్రెయిట్ లెన్స్ కొన్నా బ్యాక్‌గ్రౌండ్ పోవట్లేదా? ఇలా చేసి చూడండి

"అన్నా, 85 ఎంఎం లెన్స్ కొన్నాను, ఎఫ్ 1.8లోనే పెట్టి తీశాను, అయినా వెనక గోడ గోడలాగే కనిపిస్తోంది." ఈ మాట తరచూ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు, దాని కింద ఒక ఫొటో. తెరిచి చూస్తే మనిషి ఆ గోడకి దాదాపు వీపు ఆనించి నిలబడి ఉంటాడు. ఇంకో రకం వాళ్లకి సమస్య దీనికి తిరగబడి ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెన్నలా కరిగిపోతుంది గానీ దాంతోపాటు మనిషి కళ్లు కూడా కరిగిపోతాయి. ఇద్దరూ చివర్లో అడిగేది ఒకటే, "135 ఎంఎం లెన్స్ కొంటే పోతుందా?" అని. పోతుంది, డబ్బు.

ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి విసుగొచ్చింది కాబట్టి మొత్తం ఒకేచోట పెడుతున్నాను. థియరీ ఒక్క లెక్కతో సరిపెడతాను, ఆ ఒక్కటీ మాత్రం దాటేయకండి.

ఏమేం కావాలి

- వెలుతురు బాగా తీసుకునే టెలీ లెన్స్ ఏదైనా ఒకటి: 85 ఎంఎం ఎఫ్ 1.8 లేదా 1.4, 105 ఎఫ్ 1.4, 135 ఎఫ్ 1.8 లేదా 2, లేకపోతే 70-200 ఎఫ్ 2.8 జూమ్. 50 ఎఫ్ 1.8 తప్ప ఇంకేమీ లేదంటే అదీ పనికొస్తుంది, కాస్త ఎక్కువ కష్టపడాలి.
- కెమెరా. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కంటే చిన్నది) అయినా పర్వాలేదు.
- దీపావళికి కొన్న సీరియల్ లైట్ల దండ, ఐదు అగ్గిపెట్టెలు, ఒక పాత దినపత్రిక, టార్చ్. ఇవి లెన్స్‌ని పరీక్షించడానికి.
- ట్రైపాడ్, లేకపోతే ఎత్తు స్టూలు మీద నాలుగు పుస్తకాలు.
- పగటి ఎండలో తీసేవాళ్లకి ఎన్‌డీ 8 ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే నల్లటి గాజు.
- పది నిమిషాలు ఓపికగా నిలబడే మనిషి. అన్నిటికంటే దొరకనిది ఇదే.

1. మీ లెన్స్ రంధ్రం ఎంతో లెక్క వేయండి

ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఎంఎంలో ఉండే అంకె) ఎఫ్ నంబర్‌తో (ఎఫ్ పక్కన ఉండే అంకె, అది తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది) భాగించండి. 50 ఎఫ్ 1.8కి 28 మిల్లీమీటర్లు వస్తుంది, 85 ఎఫ్ 1.8కి 47, 85 ఎఫ్ 1.4కి 61, 135 ఎఫ్ 2కి 67, 200 ఎఫ్ 2.8కి 71, 135 ఎఫ్ 1.8కి 75. లెన్స్‌ని ముందువైపు నుంచి చూస్తే లోపల కనిపించే రంధ్రం వెడల్పు అది. వెనక బాగా దూరంలో ఉన్న ఒక చిన్న లైటు, ఫొటోలో మనిషి పక్కన ఎంత పెద్ద గుండ్రంగా కనిపిస్తుందంటే, సరిగ్గా ఈ రంధ్రమంత. ఆ గుండ్రాన్ని తెచ్చి ముఖం మీద పెడితే 50తో తీసినప్పుడు ఒక కంటిని కప్పుతుంది, 135 ఎఫ్ 1.8తో దాదాపు సగం ముఖాన్ని కప్పుతుంది. బ్లర్ ఎక్కువ తక్కువలు అంటే ఇదే.

క్రాప్ సెన్సర్ మీద పెట్టినంత మాత్రాన 85 లెన్స్ రంధ్రం మారదు. అదే ఫ్రేమ్ కోసం మీరు వెనక్కి జరగాల్సి వస్తుంది కాబట్టి బ్లర్ తగ్గినట్టు అనిపిస్తుంది.

2. మనిషిని గోడ నుంచి బయటికి లాగండి

అసలు జవాబు ఇక్కడుంది. పైన చెప్పినంత గుండ్రం, వెనకున్నది బాగా దూరంగా ఉన్నప్పుడే వస్తుంది. దగ్గరగా ఉంటే ఎంత తగ్గుతుందో ఇలా చూడండి: మనిషి నుంచి బ్యాక్‌గ్రౌండ్‌కి ఉన్న దూరాన్ని, కెమెరా నుంచి బ్యాక్‌గ్రౌండ్‌కి ఉన్న మొత్తం దూరంతో భాగించి, వచ్చినదాన్ని రంధ్రంతో గుణించండి.

మనిషిని నడుము దాకా నిలువు ఫ్రేమ్‌లో తీస్తున్నారనుకోండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 85తో సుమారు 2 మీటర్ల దూరంలో నిలబడాలి, 135తో 3.2, 200తో 4.7. ఇప్పుడు గోడ మనిషికి 2 మీటర్లు వెనక ఉంటే:

- 85 ఎఫ్ 1.8: 24 మిల్లీమీటర్ల బ్లర్
- 85 ఎఫ్ 1.4: 30
- 135 ఎఫ్ 2: 26
- 200 ఎఫ్ 2.8: 21

మళ్లీ చూడండి. భుజం నొప్పి పుట్టించే 70-200 కంటే బుల్లి 85 ఎఫ్ 1.8 ఇక్కడ గెలిచింది. అదే మనిషిని ముందుకి తెచ్చి వెనక 10 మీటర్లు ఖాళీ వదిలితే అంకెలు వరసగా 39, 51, 51, 49 అవుతాయి. గోడ దగ్గరగా ఉంటే పెద్ద లెన్స్‌కి పెట్టిన డబ్బు ఆ గోడకే పోతుంది. 85 ఎఫ్ 1.8 ఉన్నవాళ్లు మనిషిని ఎనిమిది మీటర్లు ముందుకి జరిపితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఒకటిన్నర రెట్లు పైగానే బ్లర్ వస్తుంది.

పెళ్లిళ్లలో అందరూ దెబ్బతినేది ఇక్కడే. మండపంలో పూల డెకరేషన్ జంట వీపుకి మీటరు దూరంలో ఉంటుంది, అక్కడ ఏ లెన్స్ పెట్టినా చామంతులు లెక్కపెట్టుకోవచ్చు. ముహూర్తం టైములో ఎవరినీ జరపలేం, కాబట్టి అక్కడ బ్లర్ కోసం ఏడవకుండా ఎఫ్ 2.8, 4 పెట్టుకుని డెకరేషన్‌ని కూడా బాగా చూపించండి, దానికీ వాళ్లు డబ్బులిచ్చారు. పోర్ట్రెయిట్లు మాత్రం ఫంక్షన్ హాల్ మధ్య నడవాలోకి తీసుకొచ్చి, వెనక హాలంతా ఖాళీగా ఉండేలా నిలబెట్టి తీయండి.

పొడవు లెన్స్‌కి ఇంకో లాభం ఉంది, దాన్ని బ్లర్ అనుకుని చాలామంది పొరబడతారు. వెనక 10 మీటర్లు ఉన్నప్పుడు 85 ఫ్రేమ్‌లోకి బ్యాక్‌గ్రౌండ్‌లో ఐదు మీటర్ల ఎత్తు మేర వచ్చి పడుతుంది, 200కి రెండున్నర మీటర్లే. అంటే పార్క్ చేసిన బైకులు, ఫ్లెక్సీలు, కరెంటు స్తంభాలు సగం బయటికి పోతాయి. వెనక చెత్త ఎక్కువగా ఉండే బజారులో నేను 200 తీసేది అందుకే, బ్లర్ కోసం కాదు.

3. వెనక ఏముందో ఒక్క నిమిషం చూడండి

ఒకే లెన్స్, ఒకే దూరం, ఒకే ఎఫ్ నంబర్. ఒక ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ పట్టులా ఉంటుంది, ఇంకోదాంట్లో గీతలు గీతలుగా, కళ్లు చెదిరేలా. తేడా వెనకున్న వస్తువుది. అన్నిటికంటే చెడ్డది వేపచెట్టు కొమ్మల సందుల్లోంచి మధ్యాహ్నం ఆకాశం కనిపించడం: ప్రతి సందూ ఒక తెల్ల గుండ్రం అయి ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం చేస్తాయి. ఎండుగడ్డి, ముళ్లకంచె, ఇనుప జాలీ కూడా అంతే. మంచివి: నీడలో ఉన్న చెట్ల గుబురు, దూరంగా ఉన్న వరి చేను, చీకటి పడే వేళ వీధి దీపాలు, చెరువు మీద పడే వాటి నీడలు.

రెండడుగులు పక్కకి జరగండి, మోకాళ్ల మీద కూర్చోండి, లేదా మీరే మెట్టెక్కి పైనుంచి తీయండి. పైనుంచి తీస్తే నేల బ్యాక్‌గ్రౌండ్ అవుతుంది, కానీ అది మనిషికి దగ్గరే కాబట్టి బ్లర్ తగ్గుతుంది, అది మరిచిపోవద్దు.

4. కెమెరా సెట్టింగులు

అపెర్చర్ ప్రయారిటీ మోడ్ చాలు, అందులో ఎఫ్ నంబర్ మీరు పెడితే షటర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. షటర్ స్పీడ్ 85తో కనీసం 1/160, 135తో 1/250, పిల్లలైతే 1/500 కంటే దిగనివ్వకండి. చీకటైతే ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) పెంచండి. గ్రెయిన్ ఉన్న ఫొటోని కాస్త సరిచేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోని ఏం చేయలేం.

ఎండలో సమస్య తిరగబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఐఎస్ఓ 100, ఎఫ్ 1.8 పెడితే షటర్ స్పీడ్ సుమారు 1/8000 కావాలి. చాలా కెమెరాలు 1/4000 దగ్గరే ఆగిపోతాయి, ముఖం తెల్లగా మాడిపోతుంది. ఎన్‌డీ 8 పెడితే వెలుతురు మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకి తగ్గి, స్పీడ్ 1/1000కి వస్తుంది. ఫిల్టర్ లేకపోతే నీడలోకి వెళ్లండి, ఆ టైములో ముఖానికి కూడా నీడే మంచిది.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) వాళ్లకి ఒక హెచ్చరిక. మెనూలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉండి, లెన్స్ ఫుల్ ఓపెన్‌లో (దానికున్న అతి తక్కువ ఎఫ్ నంబర్‌లో) ఉండి, షటర్ 1/2000, 1/4000 దాకా వెళ్తే వెనక గుండ్రాలు ఒక పక్క కోసేసినట్టు వస్తాయి. లెన్స్ బాగోలేదని చాలామంది అనుకునేది దీన్ని చూసే. ఆఫ్ చేసి పూర్తి మెకానికల్ షటర్ పెట్టండి. మీ కెమెరాలో ఆ ఆప్షన్ లేకపోతే ఎన్‌డీ వాడి స్పీడ్ 1/1000 లోపు ఉంచండి. పూర్తి ఎలక్ట్రానిక్ షటర్ కూడా వాడొచ్చు గానీ ఎల్ఈడీ లైట్లున్న హాల్లో వద్దు, ఫొటో నిండా చారలు పడతాయి.

5. ఫోకస్ కంటి మీదే, ముక్కుపుడక మీద కాదు

ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎఫ్ 1.8తో 2 మీటర్ల నుంచి తీస్తే షార్ప్‌గా ఉండే మేర మొత్తం 6 సెంటీమీటర్లు. ముఖం నిండేలా 1.2 మీటర్లకి దగ్గరైతే 2 సెంటీమీటర్లే మిగులుతుంది. ముక్కు కొనకీ కంటికీ మధ్యే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే కెమెరా మెరిసే ముక్కుపుడకనో, పెళ్లికూతురి బాసికాన్నో, కళ్లజోడు ఫ్రేమ్‌నో పట్టుకుంటే కళ్లు పోతాయి.

ఐ ఏఎఫ్ (కంటిని తానే వెతికి ఫోకస్ చేసే సదుపాయం) ఉంటే ఆన్ చేయండి, బాసికం కట్టాక మాత్రం దాన్ని పూర్తిగా నమ్మకుండా రెండు మూడు ఫ్రేములు జూమ్ చేసి చూసుకోండి. ఐ ఏఎఫ్ లేకపోతే ఒకే చిన్న ఫోకస్ పాయింట్ ఎంచుకుని, దాన్నే జరిపి, మీకు దగ్గరగా ఉన్న కన్ను మీద పెట్టండి. మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి తర్వాత కెమెరా తిప్పి ఫ్రేమ్ సర్దే అలవాటు కెమెరాతో వచ్చే కిట్ లెన్స్‌తో సరిపోయింది గానీ ఇక్కడ సరిపోదు. 2 మీటర్ల దగ్గర కెమెరాని 8 డిగ్రీలు తిప్పితే ఫోకస్ 2 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఉన్నదే ఇటు మూడు, అటు మూడు.

ఫోకస్ మోడ్ కంటిన్యువస్‌లో పెట్టండి. నిలబడ్డ మనిషి తెలియకుండానే ముందుకీ వెనక్కీ ఊగుతాడు, కెమెరా పట్టుకుని మీరూ ఊగుతారు. ఒక్కో పోజుకి మూడు నాలుగు ఫ్రేములు తీయండి, ఒకటైనా దక్కుతుంది.

6. ఫుల్ ఓపెన్ అవసరమా?

ఒక్క మనిషి, ముఖం నేరుగా మీ వైపు, వెనక బాగా ఖాళీ ఉంటే 1.8 పెట్టండి, ఏం ఫర్వాలేదు. ముఖం పక్కకి తిరిగితే రెండో కన్ను మసకబారుతుంది, 2.8కి రండి. ఇద్దరైతే ఇద్దరి కళ్లూ కెమెరాకి ఒకే దూరంలో ఉండేలా తల పక్కన తల పెట్టించి 2.8, కుటుంబం మొత్తమైతే 5.6. పాప షార్ప్‌గా ఉండి తాతయ్య మసకగా ఉన్న ఫొటో ఇస్తే తాతయ్య ఊరుకోరు.

వెనక 10 మీటర్లుంటే 85ని 2.8కి తెచ్చినా ఇంకా 25 మిల్లీమీటర్ల బ్లర్ మిగులుతుంది, అంటే గోడ ముందు ఫుల్ ఓపెన్‌లో తీసినంత. చాలా లెన్సులు 2.8 దగ్గర ఫుల్ ఓపెన్ కంటే స్పష్టంగా షార్ప్ అవుతాయి, కాంట్రాస్ట్ పెరుగుతుంది. ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ 1984లో తీసిన ఆఫ్ఘన్ అమ్మాయి ఫొటో నికాన్ 105 ఎఫ్ 2.5తో తీసింది, ఆ లెన్స్ రంధ్రం ఫుల్ ఓపెన్‌లో కూడా 42 మిల్లీమీటర్లే, మీ 85 కంటే తక్కువ.

7. లెన్స్‌ని ఇంట్లోనే పరీక్షించండి

కొత్తదైనా, సెకండ్ హ్యాండ్ అయినా, డబ్బు వెనక్కి తీసుకునే గడువు లోపలే చేయండి.

సీరియల్ లైట్ల పరీక్ష: దండని గదికి ఆ చివర వేలాడదీసి, లైట్లార్పి, మీ ముందు మీటరున్నర దూరంలో ఉన్న గ్లాసు మీద ఫోకస్ చేసి తీయండి, ఫుల్ ఓపెన్‌లో ఒకటి, 2లో ఒకటి, 2.8లో ఒకటి. గుండ్రాల లోపల చూడండి. అంచు గాజులా మెరుస్తూ లోపల ఖాళీగా ఉంటే ఆ లెన్స్ చెట్ల కొమ్మల్ని జంట గీతలుగా చూపిస్తుంది. అంచు దూదిపింజలా మెత్తగా ఉంటే అదృష్టం. ఉల్లిపాయ కోసినట్టు వలయాలు కనిపిస్తే లోపల ఆస్ఫెరికల్ (వంపు పూర్తి గోళంలా ఉండని) గాజు ఉందన్నమాట, పగటి పూట దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మూలల్లో గుండ్రాలు బాదంగింజల్లా నొక్కుకుపోవడం ఫుల్ ఓపెన్‌లో మామూలే, లెన్స్ గొట్టమే వెలుతురుని పక్కల్లో కోస్తుంది. 2.8కి వచ్చేసరికి గుండ్రమవ్వాలి. నికాన్ 2023లో తెచ్చిన 135 ఎఫ్ 1.8 ప్లీనా గొప్పదని చెప్పుకునేది ముఖ్యంగా ఈ విషయంలోనే, ఫుల్ ఓపెన్‌లోనూ మూలల దాకా గుండ్రంగా ఉంచడం. దానికి పెట్టే డబ్బుతో ఏం చేయొచ్చో మీకే తెలుసు.

అగ్గిపెట్టెల పరీక్ష: ఐదింటిని బల్ల మీద ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి 3 సెంటీమీటర్ల తేడాతో నిలబెట్టండి. ట్రైపాడ్ మీద నుంచి, మీరు మామూలుగా పోర్ట్రెయిట్ తీసే దూరంలోనే, మధ్య పెట్టె బొమ్మ మీద ఫోకస్ చేసి ఐదుసార్లు తీయండి, ప్రతిసారీ ఫోకస్‌ని పూర్తిగా చెదరగొట్టి మళ్లీ చేస్తూ. ఐదింట్లోనూ మధ్యదే షార్ప్‌గా ఉంటే మంచిది. ప్రతిసారీ ముందు పెట్టో వెనక పెట్టో షార్ప్ అయితే డీఎస్ఎల్ఆర్‌లో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ మెనూలోకి వెళ్లి సరిచేయండి, ఆ మెనూ లేకపోతే లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) తీయండి. మిర్రర్‌లెస్‌లో ఈ బాధ దాదాపు ఉండదు, ఫోకస్ కొలిచేది సెన్సరే కాబట్టి. ఇదే ఫొటోలో అక్షరాల అంచుల రంగు కూడా చూడండి: ఫోకస్‌కి ముందున్నవి ఊదా గులాబీగా, వెనకున్నవి ఆకుపచ్చగా కనిపిస్తే, పెళ్లిలో రాళ్ల నగల మీదా తెల్ల పంచె అంచుల మీదా అవే రంగులు వస్తాయి. 2.8కి చాలావరకు తగ్గుతుంది.

దినపత్రిక పరీక్ష: గోడకి అతికించి, కెమెరాని గోడకి సరిగ్గా సమాంతరంగా పెట్టి తీయండి. నాలుగు మూలలూ కాస్త మెత్తగా ఉంటే లెన్స్ గుణం. ఒక్క మూలే అలికినట్టుంటే లోపల ఏదో గాజు పక్కకి ఒరిగిందని అనుమానం, కెమెరా వంకరగా లేదని ఇంకోసారి చూసుకుని తిరిగి ఇచ్చేయండి.

సెకండ్ హ్యాండ్ అయితే లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ వైపు తేమలో బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సుల్లో ఇది మామూలు. ఒకటి రెండు దుమ్ము కణాలకి భయపడొద్దు.

8. ఫొటో తీశాక తప్పెక్కడుందో పట్టుకోవడం

కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి. కంటి మీదకి పూర్తిగా జూమ్ చేసి చూడండి, అక్కడే, మనిషి వెళ్లిపోకముందే. కన్ను మసకగా ఉంటే ఫొటోలో ఇంకెక్కడైనా షార్ప్‌గా ఉందేమో వెతకండి. చెవి, జుట్టు, చొక్కా గుండీ ఏదైనా షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది. ఏదీ లేకుండా అంతా ఒకే దిక్కుగా సాగినట్టుంటే చెయ్యి కదిలింది, స్పీడ్ పెంచండి. గీతలన్నీ ఉన్నాయి గానీ మొత్తం మీద పాల పొర కప్పినట్టుంటే ముందు గాజు తుడవండి, ఆ తర్వాత చవక యూవీ ఫిల్టర్ తీసేసి ఇంకోటి తీయండి, హుడ్ పెట్టండి. ఏసీ కారులోంచి దిగిన వెంటనే అలా వస్తే లెన్స్ మీద ఆవిరి పట్టింది, బ్యాగు జిప్ తీయకుండా బయట అరగంట ఉంచితే అసలు పట్టదు.

ఇవన్నీ చేశాక కూడా 135 కావాలనే ఉంటే, కొనే ముందు టేపు తీసుకుని మీరు ఎక్కువగా తీసే చోటు కొలవండి. నడుము దాకా తీయడానికి 3.2 మీటర్లు, నిలువెత్తు మనిషికి ఏడున్నర మీటర్లు కావాలి, దాని వెనక ఖాళీ వేరే. 85కైతే నిలువెత్తుకి 4.7 చాలు. నేను కొలవకుండా కొన్నాను. మా ఇంట్లో దాంతో ఎవరినైనా నిలువెత్తు తీయాలంటే ఇప్పటికీ తలుపు తీసి, చెప్పులేసుకుని, మెట్ల మీద నిలబడాలి.